సైకిలు మేస్త్రి పనిముట్లు

వేపచెట్టు నీడనో, బస్సులు నిలుచు చోటనో, బడిగోడ ప్రక్కనో ఒక చిన్న పాక. పాకముందు కొమ్మకు వ్రేలాడుచున్న పాత టైరు. అదే ఆ దుకాణమునకు బోర్డు. లోపల ఒక గాలిపంపు, నీళ్ళతొట్టి, కిరోసిను డబ్బా, నూనెమరకలు పట్టిన ఒక చెక్కపెట్టె. ఆ పెట్టెలోని పనిముట్లను లెక్కించినచో ఇరువదికి మించవు. వానితోనే సైకిలు మేస్త్రి ఒక యంత్రమును ఉదయము ముక్కలు ముక్కలుగా విప్పి, కడిగి, తుడిచి, మరల కూర్చి, సాయంకాలమునకు నడిపించి యిచ్చును. ఈ పనినే మనవారు ‘ఓవరాయిలింగు’ అందురు. ఇంగ్లీషులో ఆ మాటకు నూనెతో ఎట్టి సంబంధమును లేదు. కాని మన దుకాణములలో నూనె లేనిదే ఆ పని సాగదు గనుక, మన నోటికి వచ్చుసరికి ఆ మాటకును నూనె అంటుకొన్నది.

ఆ పెట్టెలో మేస్త్రికి మిక్కిలి ఇష్టమైన పనిముట్టు ఏది? క్రొత్తగా చూచినవారు పెద్ద పానానో, బరువైన సుత్తినో చూపుదురు. పనిలో చేరిన కుఱ్ఱవానికి మేస్త్రి మొదట ఇచ్చునవి కూడ అవియే. కాని నిపిలు కీ, పలుచని కోను పానా మాత్రము అంత సులభముగా కుఱ్ఱవాని చేతికి రావు. అరచేతిలో ఇమిడిపోవు ఈ చిన్న వస్తువులు బలమును చూపుటకు పనికిరావు. లోపలి సంగతిని వ్రేళ్ళకు తెలుపుటకే అవి పుట్టినవి. మరమ్మతు అనగా సగము తెలిసికొనుట, సగము సరిచేయుట. మొదటి సగమును నేర్పునవే మేస్త్రికి ప్రియమైన పనిముట్లు. వానిలో కొన్నిటిని ఇచట పరిచయము చేయుచున్నాను. ఇవి మన ఉన్నత పాఠశాలలకు ఏల కావలసియున్నవో చివర మనవి చేసెదను.

చక్రమునకు శ్రుతి

ఎడ్లబండి చక్రమును ఎరిగినవారికి దాని భాగముల పేర్లు తెలియును. నడుమ కుండ, కుండనుండి బయలుదేరు ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు, వానిపై ఇనుప పట్టా. బండిపై పడిన బరువును ఇరుసు క్రిందనున్న ఆకు స్తంభమువలె నిలిచి మోయును. అందుచేతనే ఆకులను గట్టి కర్రతో లావుగా చేయుదురు.

సైకిలు చక్రమునకును ఆకులున్నవి. వానిని స్పోకులనియు, పుల్లలనియు పిలుచుచున్నాము. అవి సుమారు 2 మిల్లీమీటర్ల మందముగల ఉక్కు తీగలు మాత్రమే. తీగ స్తంభమువలె నిలువజాలదు, త్రోసినచో వంగిపోవును. కాని పట్టి లాగినచో అదే తీగ ఒక మనిషి బరువును కూడ తాళగలదు. ఈ గుణమును కనిపెట్టి, తీగలను అన్నివైపులనుండి లాగి బిగించిన చక్రమును 1869 ప్రాంతమున పారిసులో యూజీన్ మేయర్ తయారుచేసెను. 1874లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున జేమ్స్ స్టార్లీ మరియొక అడుగు వేసెను. ఆకులను హబ్బునుండి సూటిగా నిలుపక, వాలుగా, ఒకదానినొకటి దాటునట్లు అల్లు పద్ధతికి ఆయన పేటెంటు పొందెను. గొలుసు లాగినపుడు హబ్బు తిరుగును. ఆ తిరుగుడు బలమును రిమ్మునకు అందించుటకు ఈ వాలు ఆకులే సాధనము. మన ఊళ్ళలో తిరుగు పాతతరహా నల్ల సైకిలు ముందుచక్రమునకు 32, వెనుకచక్రమునకు 40 ఆకులుండుట ఆచారము. మనిషి బరువులోను, సామాను బరువులోను ఎక్కువ భాగము వెనుకచక్రము మీదనే పడును గదా!

ప్రతి ఆకు చివర రిమ్ములో నిపిలు అను చిన్న మర ఉండును. దానిని తిప్పునదే నిపిలు కీ. గుంటలో పడి చక్రము వంకరపోయినపుడు దానిని సరిచేయుటకు ‘బెండు తీయుట’ అని పేరు. సైకిలును తలక్రిందుగా నిలిపి, చక్రమును మెల్లగా తిప్పి, ఫోర్కుకు చేయి ఆనించి, ఒక సుద్దముక్కను రిమ్ము ప్రక్కన కదలకుండ పట్టినచో, వంకర యున్నచోట మాత్రము సుద్ద అంటును. ఉపాధ్యాయుడును, మేస్త్రియు పంచుకొను పనిముట్టు ఈ లోకములో ఇదియొక్కటే కాబోలు! బడిలో అది ఒప్పును వ్రాయును. ఇచట తప్పును చూపును.

ఇక కుడివైపునకు వంగినచోట ఎడమవైపు ఆకులను బిగించవలెను; కుడివైపు వానిని కొంచెము వదలవలెను. ఎంత? పావుచుట్టు, అరచుట్టు. అంతకు మించినచో వంకర అవతలి వైపునకు మారును. ఒక్క ఆకును ముట్టినచో ఇరుప్రక్కల ఆకులకును ఆ వార్త చేరును. పని తెలియనివాడు వంకర కనబడినచోట ఒకే ఆకును బిగించుకొనుచు పోవును. చక్రము ఆ పూటకు తిన్నగా కనబడి, వారము తిరుగకమునుపే ఆకు తెగి మరల దుకాణమునకు వచ్చును. పనిగల మేస్త్రి పందిరి వేసిన కుక్కతోక తగిలి కూలినదను సామెత ఇట్టివారిని గూర్చియే పుట్టినది.

అనుభవముగల మేస్త్రి చివరకు ఆకులను వ్రేలితో మీటి వినును. ఒకే పొడవుగల తీగలలో ఎక్కువ బిగువుగలది ఎక్కువ స్థాయిలో పలుకును. తక్కువ బిగువుగలది మందముగా పలుకును. ఒకేవైపున నున్న ఆకులన్నియు దాదాపు ఒకే స్వరమున పలికినచో బిగువు సమముగా నున్నదని అర్థము. వీణకు శ్రుతి చేయువానికిని, చక్రమునకు బెండు తీయువానికిని భౌతికశాస్త్రము చెప్పు సూత్రము ఒక్కటే. తీగ బిగువును గూర్చిన పాఠము చెప్పుటకు సోనోమీటరు లేని పాఠశాలలు ఉండవచ్చును. గోడకు చేరవేసిన సైకిలు లేని పాఠశాల ఉండదు.

గుండ్లు, కోను పానా

చక్రపు ఇరుసునకును హబ్బునకును నడుమ ఉక్కుగుండ్లు కలవు. ముందుచక్రములో సాధారణముగా ఒక్కొక్క వైపున 10, వెనుకచక్రములో ఒక్కొక్క వైపున 9. వెనుకవి కొంచెము పెద్దవి. రాచుకొనుటకంటె దొర్లుట సులభమన్న చిన్న సత్యము మీద ఈ ఏర్పాటంతయు నిలిచియున్నది. 1869లోనే పారిసువాసియగు జూల్ సురిరే సైకిలు బేరింగులకు పేటెంటు పొందెను. ఆ సంవత్సరము నవంబరులో పారిసునుండి రువాన్ నగరమునకు జరిగిన పందెములో గెలుపొందిన జేమ్స్ మూర్ అట్టి బేరింగులుగల సైకిలు నెక్కెను. నాడు పందెపుగుఱ్ఱమునకు దక్కిన భోగము నేడు పాలవాని సైకిలునకును దక్కినది.

గుండ్ల ఒకప్రక్క హబ్బులోని గిన్నె, మరియొక ప్రక్క ఇరుసుమీది కోను. ఈ కోనును ముందునకో వెనుకకో జరిపి గుండ్లకు తగినంత చోటు ఇవ్వవలెను. బిగువు ఎక్కువైన గుండ్లు నలిగి కోను మీద గుంటలు పడును. తక్కువైన చక్రము ప్రక్కలకు ఊగి, గుండ్లు ఒకదానినొకటి కొట్టుకొని చెడును. కోను అంచు మిక్కిలి పలుచన గనుక మామూలు పానా దానిని పట్టజాలదు. అందుకే పలుచని కోను పానా వచ్చినది. చిక్కు మరియొకటి యున్నది. కోనును సరిగా నిలిపి, దాని వెనుక చెక్కునట్టు బిగించునప్పటికి కోను వెంట్రుకవాసి లోనికి జరుగును. ఆ వెంట్రుకవాసిని ముందుగానే ఊహించి మేస్త్రి కోనును కొంచెము వదులుగా ఉంచును. ఎంత వదులు అని అడిగినచో అతడు సంఖ్య చెప్పలేడు; పానా మన చేతికిచ్చి, దానిపై తన చేయి వేసి చూపును.

అయినను పరీక్ష మాత్రము ఎవరైనను చేయవచ్చును. చక్రమును నేలనుండి ఎత్తి మెల్లగా త్రిప్పి వదలుడు. సరిగా కుదిరిన చక్రము చాలసేపు తిరిగి, చివరకు గడియారపు లోలకమువలె ఇటునటు ఊగి, బరువైన భాగము క్రిందికి వచ్చి నిలుచును. చాలవరకు గాలి పట్టించు వాల్వు క్రిందికి వచ్చును. ఊగకుండ ఉన్నపళముగా ఆగిన చక్రము బిగుసుకొన్నదని అర్థము. రిమ్మును పట్టి ప్రక్కలకు కదిపినపుడు టకటకలాడిన అది వదులైనది. ఈ పరీక్షకు ఒక పైసా ఖర్చు లేదు.

గుండ్లను విప్పునపుడు మేస్త్రి వానిని ఒక డబ్బామూతలో పోసి లెక్కపెట్టును. ఒకటి అరిగినను అన్నిటిని మార్చును. పాత గుండ్ల నడుమ ఒక క్రొత్త గుండు ఉంచినచో అది కొంచెము పెద్దదై బరువంతయు తానే మోసి ముందుగా పగులును. కుఱ్ఱవాడు నేర్చు మొదటి పాఠములలో ఇది యొకటి.

గొలుసు, కొలబద్ద

గొలుసులో ఒక్కొక్క కీలునకు ఒక పిన్ను, దాని చుట్టు ఒక గొట్టము, ఆ గొట్టముపై తిరుగు ఒక చిన్న ఉంగరము ఉండును. ఈ రూపమును 1880లో మాంచెస్టరు నగరమున స్థిరపడిన స్విట్జర్లాండువాడు హాన్స్ రెనాల్డ్ ఇచ్చెను. ఈనాటి సైకిలు గొలుసు దాని సంతతియే. ఒక పిన్ను నడిమినుండి ప్రక్కపిన్ను నడిమికి అరంగుళము. ఇది ప్రపంచమంతట ఒకే కొలత.

బడిపిల్లలు గుర్తుంచుకొనవలసిన పనిముట్టు ఇచట పన్నెండంగుళముల కొలబద్ద. గొలుసును బిగువుగా లాగిపట్టి, ఒక పిన్ను నడుమ సున్న పెట్టి కొలిచినచో, క్రొత్త గొలుసులో ఇరువదినాలుగవ కీలు పిన్ను సరిగా 12 అంగుళముల గీతపై నిలుచును. అంగుళములో పదునారవ వంతు దాటిన గొలుసు మార్చు వేళ వచ్చినదని తెలియవలెను. ఎనిమిదవ వంతు దాటిన పళ్ళచక్రములు కూడ చెడియుండును. గొలుసు ‘సాగినది’ అని మనము అందుము గాని ఉక్కు సాగలేదు. ఒక్కొక్క పిన్ను లోపల కంటికి కనబడనంత అరిగినది. అట్టి అరుగుదలలు ఇరువదినాలుగు చేరి కొలబద్దకు కనబడినవి. అరిగిన గొలుసును అట్లే ఉంచి నడిపినవారికి, తరువాత క్రొత్త గొలుసు వేసినను అది పళ్ళమీద కుదురక జారును. పళ్ళు అప్పటికే పాత గొలుసు పొడవునకు అలవాటుపడి అరిగియుండును.

గొలుసు ఊడుట అన్నిటికంటె తరచుగా వినబడు ఫిర్యాదు. ఏ ఊరి దుకాణములోనైనను ఇట్టి సంభాషణ వినవచ్చును.

“బాబాయ్, చైను మాటిమాటికీ ఊడిపోతోంది.”

“ఎప్పుడు ఊడుతోందమ్మా? మెరక ఎక్కేటప్పుడా, గతుకులో పడ్డప్పుడా?”

“గతుకులోనే బాబాయ్. తొక్కడం ఆపి దిగేటప్పుడు కూడా.”

“అయితే చైను చెడలేదు తల్లీ. వదులైంది. నిలబడు, రెండు నిమిషాలు.”

మేస్త్రి పానా తీయకమునుపే సగము మరమ్మతు జరిగిపోయినది. మెరకమీద బలముగా తొక్కినపుడు పళ్ళమీద జారినచో అరుగుదల కారణము; గతుకులో ఎగిరి ఊడినచో వదులుతనము కారణము. వెనుక ఇరుసు నట్లు వదలించి, చక్రమును కొంచెము వెనుకకు లాగి, రెండు ప్రక్కల సమముగా నున్నదో లేదో చూచి, మరల బిగించును. పళ్ళచక్రము ఎన్నడును సంపూర్ణముగా గుండ్రముగా ఉండదు. అందుచేత పెడలు త్రిప్పుచు, గొలుసు మిక్కిలి బిగియు చోటును కనుగొని, అచ్చట కూడ క్రిందికి పైకి అరంగుళము ఆడునట్లు నిలుపును. వైద్యుడు నాడి చూచునట్లు మేస్త్రి గొలుసు నడుమ వ్రేలు పెట్టి చూచుట మనము ఎరిగినదే.

గొలుసును గూర్చి చెప్పుచు లెక్కల ఉపాధ్యాయులకు ఒక మాట. పాతతరహా సైకిలు చక్రపు వ్యాసము 28 అంగుళములు. దానిని 22/7తో గుణించినచో చుట్టుకొలత 88 అంగుళములు, శేషము లేకుండ వచ్చును. పెడళ్ళ దగ్గరి చక్రమునకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్ళు ఉన్నవనుకొందము. పెడలు ఒకసారి తిరిగిన వెనుకచక్రము సుమారు 2.44 సారులు తిరుగును. సైకిలు సుమారు 215 అంగుళములు, అనగా ఇంచుమించు 18 అడుగులు ముందునకు సాగును. ఈ లెక్కను నల్లబల్లపై వేసి, తరువాత ఆటస్థలములో సుద్దగీత గీసి నడిపి చూపినచో, నిష్పత్తి అనగా నేమో పిల్లలకు మరల చెప్పనక్కరలేదు.

నీళ్ళతొట్టి

రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు తొడుగు ఆలోచన మొదట స్కాట్లండువాడు రాబర్ట్ విలియం థామ్సన్‌కు కలిగెను. ఆయన 1845లోనే పేటెంటు పొందెను. కాని నాటికి సైకిలు లేదు. గుఱ్ఱపుబండ్లకు అంత అవసరమును తోచలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండి గతుకులకు ఎగిరిపడుట చూచి అదే ఉపాయమును మరల కనుగొనెను. ఈసారి లోకము దానిని విడువలేదు. గాలితోపాటు పంక్చరు కూడ లోకమునకు వచ్చినది.

పంక్చరు వేయుటలో మేస్త్రి మొదట ట్యూబును విప్పడు. వాల్వుమీద తడివ్రేలు పెట్టి బుడగ వచ్చుచున్నదేమో చూచును. మన సైకిళ్ళ వాల్వులో ఒక సన్నని రబ్బరు గొట్టము ఇత్తడి కాడను కప్పియుండును. పంపునుండి వచ్చు గాలి దానిని ఎత్తి లోనికి పోవును. లోపలి గాలి దానినే నొక్కి తలుపు మూసికొనును. మన గుండెలోని కవాటములు చేయు పనియు ఇటువంటిదే. ఈ రబ్బరు ఎండి చీలినపుడు ట్యూబునందు రంధ్రము లేకున్నను గాలి పోవును. అప్పుడు వేలెడు రబ్బరు మార్చిన చాలును.

వాల్వు బాగున్నచో టైరు లివర్లతో టైరు అంచు తప్పించి, ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్ళతొట్టిలో కొంచెము కొంచెముగా ముంచును. బుడగలు వచ్చుచోట గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషను పలుచగా పూయును. ఇచ్చటనే తొందరపడువారికి పరీక్ష. సొల్యూషను తడిగా నున్నపుడు అతికించిన ప్యాచి నిలువదు. దానిలోని ద్రవము ఎగిరిపోయి, రబ్బరు మాత్రమే మిగిలి, వ్రేలికి అంటీ అంటనట్లు ఆరవలెను. ప్యాచి అంచులు గుండ్రముగా ఉండవలెను. మూలలున్నచో అచటనుండియే లేచును.

అతికించిన పిదప పని ముగిసినదనుకొనుట పొరపాటు. పల్లేరుకాయయో, సర్కారు తుమ్మముల్లో ఇంకను టైరులోనే యుండవచ్చును. మేస్త్రి తన వ్రేళ్ళను టైరు లోపల మెల్లగా నడిపి దానిని వెదకును. కంటికి కనబడని ముల్లు వ్రేలికి దొరకును. దానిని తీయకుండ పంపినచో బేరము మరల రేపే వచ్చును. ఆ ముల్లును వెదకి తీసివేయు మేస్త్రి తన రేపటి బేరమును తానే పారవేసికొనుచున్నాడు. అట్టివాని దుకాణము ముందే జనము ఎక్కువగా నుండుట మనము చూచుచున్నాము.

సుత్తి ఎప్పుడు?

సుత్తి లేని దుకాణము లేదు. పెడలు కొమ్మను ఇరుసునకు పట్టియుంచు కాటరు పిన్నును తీయుటకు అది కావలెను. కాని దెబ్బ ఎట్లు వేయవలెనన్నది ప్రశ్న. ఊరక కొట్టినచో ఆ దెబ్బ పిన్నునుండి ఇరుసునకు, ఇరుసునుండి గుండ్లకు పోయి, గిన్నెలో గుంటలు పడును. అందుచేత మేస్త్రి కొమ్మ క్రింద ఒక ఇనుప గొట్టపు ముక్కను నేలకు ఆనించి నిలుపును. నట్టును పూర్తిగా తీయక పిన్ను చివరకు తెచ్చి ఉంచును. దెబ్బకు మర చెడకుండ అది కాపాడును. పిదప ఒక్కటే దెబ్బ. పది చిన్న దెబ్బలకు వంగిపోవు పిన్ను సరియైన ఒక్క దెబ్బకు బయటకు వచ్చును.

బలము పనికిరాని చోటు కూడ కలదు. ఎడమ పెడలు మర ఎడమచేతి మర. ఆ సంగతి తెలియనివాడు దానిని విప్పబోయి మరింత బిగించి, చివరకు సుత్తి నెత్తును. రెండు పెడళ్ళకును ఒకే నియమము కలదు: ముందుచక్రమువైపు త్రిప్పిన బిగియును, వెనుకచక్రమువైపు త్రిప్పిన వదులగును. ఈ ఒక్క వాక్యము తెలిసిన బాలుడు ఆ తెలియని పహిల్వానుకంటె బలవంతుడు.

బడికి పోవు సైకిలు

ఇంతవరకు చెప్పినది దుకాణపు ముచ్చట మాత్రమే యైనచో ఈ వ్యాసము వ్రాయుట అనవసరము. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు సొమ్ము ఇచ్చుట ఆరంభించెను. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ పథకమును పరిశీలించి, 2017లో ప్రకటించిన వ్యాసములో దాని ఫలితమును తెలిపిరి. తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య ఆ పథకమువలన 32 శాతము పెరిగినది. బాలురకును బాలికలకును నడుమనున్న అంతరము 40 శాతము తగ్గినది. ఆంధ్రప్రదేశ్‌లో కూడ 2010 దశకపు చివరి సంవత్సరములలో ‘బడికొస్తా’ అను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచిరి. అంతకుముందే, 1990 దశకపు ఆరంభమున, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలాది గ్రామీణస్త్రీలు సైకిలు తొక్కుట నేర్చిరి. బడి మూడు మైళ్ళ దూరములో నున్నపుడు, చదువునకును ఇంటిలో కూర్చుండుటకును నడుమ నిలిచినది ఒక్కొక్కప్పుడు రెండు చక్రములే.

కాని సైకిలు ఇచ్చుట ఒకనాటి పని. నడిపించుట నిత్యపు పని. గొలుసు వదులైన సైకిలు, వాల్వు రబ్బరు ఎండిన సైకిలు, ఆకు తెగిన సైకిలు గోడకు చేరబడినచో, ఆ బాలికకు బడి మరల మూడు మైళ్ళ దూరమునకు పోవును. పైన చెప్పిన మరమ్మతులలో చాలవరకు అరగంట పనులు. అయినను చేయువాడు ఊరిలో నుండవలెను గదా! మోటారు సైకిళ్ళు పెరిగినకొలది మేస్త్రీలు అటువైపు తిరిగిరి. కొందరి పిల్లలు వేరు పనులకు పోయిరి. 1951లో సోనీపట్టున పుట్టి ఊరూరా తిరిగిన అట్లాస్ సైకిళ్ళ కంపెనీ 2020 జూన్ 3వ తేదీన, సరిగా ప్రపంచ సైకిలు దినమునాడే, తన సాహిబాబాదు కర్మాగారములో పని నిలిపివేసినది. మరియొకవైపు గేర్లు, డిస్కు బ్రేకులు, విప్పుటకు వీలులేని బేరింగులు గల క్రొత్త సైకిళ్ళు వచ్చినవి. వానికి వేరు పనిముట్లు కావలెను. నేర్చుకొనిన మేస్త్రీలు అవియును చేయుచున్నారు. అందులో తప్పు లేదు. కాని బడికి పోవు పిల్లల సైకిళ్ళలో అధికభాగము నేటికిని గొలుసు, గుండ్లు, ఆకులు, ట్యూబు గల సామాన్యపు సైకిళ్ళే.

కోను ఎంత వదులుగా నుండవలెనో, సొల్యూషను ఎంత ఆరవలెనో ఏ పుస్తకమును పూర్తిగా చెప్పజాలదు. చేతినుండి చేతికి అందవలసిన విద్య అది. అందుకొను చేయి లేనిచో ఆ మేస్త్రితోనే పోవును. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని ప్రతిపాదించినపుడు రాట్నము ఎక్కువగా మాటలోనికి వచ్చినది. నేటి పిల్లవానికి రాట్నము దూరమైనది. సైకిలు మాత్రము బడి ఆవరణలోనే నిలిచియున్నది.

కనుక ప్రతి ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల ప్రక్కన ఒక చెక్కపెట్టె ఉండవలెనని నా మనవి. అందులో ఒక జత పానాలు, ఒక కోను పానా, ఒక నిపిలు కీ, రెండు టైరు లివర్లు, ఒక ఆకురాయి, సొల్యూషను గొట్టము, కొన్ని ప్యాచీలు, వాల్వు రబ్బరు, నూనెడబ్బా, గాలిపంపు ఉన్న చాలును. కొలబద్ద, సుద్దముక్క, నీళ్ళ తొట్టి బడిలో ఎట్లును ఉన్నవి. నెలకు ఒక శనివారము మధ్యాహ్నము ఊరి మేస్త్రిని పిలిచి, కుర్చీ వేసి, ఆయన కాలమునకు తగిన ప్రతిఫలమిచ్చి, ఎనిమిదవ తరగతి బాలబాలికలచేత వారి సైకిళ్ళనే విప్పించవలెను. బాలికలను చూచుటకు మాత్రమే కూర్చుండబెట్టరాదు. ఎవరి సైకిలునకు వారే మేస్త్రి కావలెను. పానా మొదట వారి చేతికే ఇవ్వవలెను.

దసరాలలో ఆయుధపూజనాడు మేస్త్రి తన పనిముట్లన్నిటిని కిరోసినుతో కడిగి, తుడిచి, గుడ్డపై వరుసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టును. ఈ సంవత్సరము ఆ దుకాణమువైపు పోవునపుడు ఒక్క నిమిషము నిలిచి, వానిలో నిపిలు కీ ఏదో, కోను పానా ఏదో మీ విద్యార్థులచేత గుర్తింపజేయుడు. పేర్లు తెలియనివారికి మేస్త్రియే చెప్పును. అట్లు చెప్పవలెనని ఆయనను అడిగినవారు ఇంతవరకు ఎందరో లేరు.